కాలికి లేజరు సరే, తిరుగు రైలు సంగతో?

మన భాషలో రక్తం పారే గొట్టమూ నరమే, స్పర్శ మోసే తీగా నరమే. ఈ ఒక్క మాట ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మనవాళ్ళను చాలానే తిప్పుతోంది. పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగి నరాలు ఉబ్బితే, అంటే వెరికోస్ వెయిన్స్ వస్తే, నేరుగా ‘నరాల డాక్టరు’ దగ్గరికే పోతారు. ఆయన చూసేది మెదడు, వెన్నుపాము, ఆ స్పర్శ తీగలు. మా పెద్దమ్మ అలాగే రెండేళ్ళు విటమిన్ మాత్రలు మింగింది. ఇంకొందరు కాలు వాచిందంటే బోదకాలేమోనని ఎవరికీ చెప్పరు. ఫైలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి ఆ భయాన్ని తప్పుపట్టలేం. వెరికోస్ వెయిన్స్‌కు చూపించుకోవాల్సింది రక్తనాళాల సర్జన్‌కు, లేదా స్కాన్ చూస్తూ సన్నటి గొట్టాలతో ఈ పని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుకు.

సిరలంటే రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే గొట్టాలు. కాలి సిరల్లో రక్తం పైకి ఎక్కుతుంటే వెనక్కి జారకుండా చిన్న కవాటాలు ఆపుతాయి. అవి చెడితే రక్తం కిందే నిలిచి సిర ఉబ్బుతుంది. కొందరికి ఇది వంశంలో వస్తుంది, కొందరికి కాన్పులతో. టిఫిన్ బండి దగ్గర పొద్దస్తమానం నిలబడేవాళ్ళకు బాధ ఇంకా ఎక్కువ.

ఇక విశాఖ ఆస్పత్రుల ప్రకటనలు. కోత లేదు, కుట్టు లేదు, అదే రోజు ఇంటికి. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఇంటికంటే ఎవరింటికి? మద్దిలపాలెంలో ఇల్లున్నవాడికీ గుణుపురం రైలెక్కాల్సినవాడికీ ఆ మాట ఒకటి కాదు.

లేజరు, రేడియోఫ్రీక్వెన్సీ రెండూ వేడితో సిరను లోపలే మూసేస్తాయి. రేడియోఫ్రీక్వెన్సీలో ఎక్కువగా వాడే గొట్టం ఏడు సెంటీమీటర్ల ముక్కను 120 డిగ్రీల దగ్గర 20 సెకన్లు వేడిచేసి, కిందికి జరుగుతూ వస్తుంది. కాలు పొడవునా మత్తు నీళ్ళు ఎక్కించాలి, ఆ సూదులే కాస్త ఓర్చుకోవాల్సినవి. మూసిన చోట గడ్డకట్టిన రక్తం అరుదుగా లోపలి పెద్ద సిరలోకి పాకుతుంది. అందుకే చాలాచోట్ల వారంలోపు మళ్ళీ డాప్లర్ స్కాన్, అంటే సిరల్లో రక్తం పారే తీరు చూపే స్కాన్ చేస్తారు. ప్రకటనలో ఈ రెండో స్కాన్ ఊసుండదు. మనవాళ్ళు చాలామంది దాన్ని ఎగ్గొట్టేది కూడా ఇక్కడే, ఛార్జీలు దండగని.

సిరలోకి మందు నురుగు ఎక్కించి మూసే ఇంజెక్షన్ చవక. కానీ మూసిన సిర మళ్ళీ తెరుచుకోవడం దీంట్లో ఎక్కువ, పదేపదే రావాల్సి రావచ్చు. బ్రిటన్‌లో దాదాపు 800 మందిని ఐదేళ్ళు గమనించి 2019లో వెలువరించిన అధ్యయనంలోనూ నురుగు చేయించుకున్నవాళ్ళకంటే లేజరు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. ప్రతిసారీ కూలి పోగొట్టుకుని రైలెక్కే మనిషికి చవకది చివరికి చవక కాదు. సిరను జిగురుతో అంటించి మూసే పద్ధతిలో కాలు పొడవునా మత్తు సూదుల బెడద ఉండదు, చికిత్స తర్వాత వేసుకునే బిగుతు మేజోళ్ళు కూడా చాలామందికి అక్కర్లేదు. మన ఎండల్లో అదేమీ చిన్న సుఖం కాదు! ఖర్చు మాత్రం ఎక్కువ. కొందరికి ఆ జిగురు పడక చర్మం ఎర్రబడి దురద పెడుతుంది.

వీటిలో ఏది మేలని నన్నడిగితే, మీ స్కాన్ ఏం చెప్పిందని ఎదురడుగుతాను. నిలబెట్టి డాప్లర్ తీశారా? లోపలి పెద్ద సిరలు బాగున్నాయా? సిర మరీ వంకరలు తిరిగితే లేజరు తీగ అందులో దూరదు, అలాంటివాళ్ళకు పాత కోత ఆపరేషనే గతి కావచ్చు. దానికి నామోషీ పడక్కర్లేదు. బీడీలు బాగా తాగేవాళ్ళయితే పాదంలో నాడి చూడకుండా బిగుతు మేజోళ్ళు వేసుకోకూడదు. గుండె నుంచి రక్తం తెచ్చే ధమనులు మూసుకుపోయిన కాలికి ఆ బిగుతు ప్రమాదం. చర్మం మీద సాలెగూడులాంటి సన్నటి గీతలు తప్ప నొప్పీ వాపూ లేనివాళ్ళు అసలు తొందరపడనక్కర్లేదు. తొందరపడాల్సింది చీలమండ దగ్గర పుండు పడ్డవాళ్ళు. 2018లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో కట్లతోపాటు సిరకూ వెంటనే చికిత్స చేసినవాళ్ళలో సగంమందికి 56 రోజుల్లో పుండు మానింది. చికిత్స వాయిదా వేసినవాళ్ళలో సగంమందికి మానడానికి 82 రోజులు పట్టింది. మన దగ్గరేమో ఆకుపసర్ల కట్లతో ఏళ్ళు గడిపేస్తారు.

కార్డు సంగతి ఇంకో తలనొప్పి. చేతిలో ఉన్నది ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కార్డు, ఆస్పత్రి ఆంధ్రాలో. చెల్లుతుందా, చెల్లితే లేజరుకా, ఆపరేషన్‌కా అన్నది టికెట్ కొనకముందే ఫోన్లో తేల్చుకోవాలి. బరంపురం వాళ్ళకు భువనేశ్వరం విశాఖకంటే దగ్గర, కార్డు చిక్కూ తక్కువ. భాష కోసమే విశాఖ పరుగెత్తుతున్నారేమోనని నా అనుమానం. నొప్పిని సొంత భాషలో చెప్పుకోవాలనుకోవడం తప్పు కాదు, కానీ దాని ఖరీదెంతో లెక్క వేసుకోవాలి కదా.

పెద్దమ్మ చివరికి విశాఖలోనే రేడియోఫ్రీక్వెన్సీ చేయించుకుంది. గాజువాకలో కూతురింట్లో వారం ఉండి, పొద్దునా సాయంత్రం వీధిలో నడిచి, రెండో స్కాన్ చూపించుకుని అప్పుడు రైలెక్కింది. కాలిలో రక్తం గడ్డకట్టకూడదని ప్రతి గంటకూ లేచి బోగీలో అటూ ఇటూ తిరుగుతుంటే పక్క సీటాయన, ‘ఏమ్మా, ఏదైనా పోయిందా?’ అని అడిగాడట.