‘కావున మనమందరం’ గారికి బహిరంగ లేఖ

విజయవాడ,
తేదీ: ××-××-××××.

(తేదీ తెలియక కాదు. పరీక్షలో లేఖ రాయమంటే పిల్లలు ఇలాగే ఇంటూ గుర్తులు వేసుకుంటూ పోతారు. మీకు అలవాటైన పద్ధతిలో ఉంటే చివరిదాకా చదువుతారని.)

మహారాజశ్రీ ‘కావున మనమందరం’ గారి దివ్యసముఖానికి,

హైస్కూల్లో తెలుగు చెప్పుకునే ఒక మేడమ్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. ఏ జవాబు చూసినా ఆఖరి లైన్లో నిక్షేపంగా కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉన్నారు.

మీ ప్రతాపం మామూలుది కాదు. నీటి కాలుష్యం గురించి వ్యాసం అంటే ‘కావున మనమందరం నీటిని కాపాడుకోవాలి’. గ్రంథాలయాల ఆవశ్యకత అంటే ‘కావున మనమందరం గ్రంథాలయాలకు వెళ్ళాలి’. మా బళ్ళో గ్రంథాలయం అంటే తాళం వేసిన బీరువా, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు, అయినా సరే వెళ్ళాలి. నీకు నచ్చిన పండుగ రాయమంటే ఒకడు దసరా రాశాడు. మూలానక్షత్రం రోజు ఎలా ఉంటుందో వాడికి చెప్పాలా? తెల్లారకముందే వినాయకుడి గుడి దగ్గర నుంచి క్యూ లైన్లో నిలబడి కొండ ఎక్కే ఇల్లు వాళ్ళది. అవేవీ లేవు. ‘కావున మనమందరం దసరా పండుగను జరుపుకోవాలి’ అని మాత్రం ఉంది. ఇంద్రకీలాద్రి కింద కాపురం ఉంటూ జరుపుకోని వాళ్ళెవరో చూపిస్తే నేనే వెళ్ళి బతిమాలుకుంటాను.

మీ పుట్టిల్లు గైడు అని అందరికీ తెలుసు. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపుల ముందు నిలబడి ఏ సంవత్సరం గైడైనా తిరగేయండి. అట్టలు మారతాయి, సిలబస్ మారుతుంది, మీరు మారరు. మీ కింద ఎవరో తెలియని పాత విద్యార్థి పెన్సిల్‌తో గీత కూడా గీసి ఉంటాడు. నాకు అన్నిటికంటే నచ్చేది ‘సొంత మాటల్లో రాయండి’ అన్న ప్రశ్నకు గైడులో ఉండే జవాబు. పిల్లల సొంత మాటలు అచ్చేసి, బైండు చేసి, డిస్కౌంటు మీద అమ్ముతున్నారు. ప్రశ్నపత్రంలో ఆ విభాగం పేరు ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’. ఆ పేరు పెట్టిన వాళ్ళకు హాస్యం బాగా తెలుసు.

వ్యాసాల వరకైతే ఓర్చుకునేదాన్నేమో. మీరు కథల్లోకి కూడా దూరారు. అసలు గొడవ అక్కడ.

గురజాడ 1910లో ‘దిద్దుబాటు’ రాశాడు. పిల్లలకు చదివి వినిపించాను. గోపాలరావు సానిపాటలు విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. భార్య కమలిని ఉండదు. ఆ కోపంలో నౌకరు రాముడికి తన్నులు పడతాయి. తర్వాత చూస్తే ఉత్తరం ఉంటుంది. మీటింగులని చెప్పి ఇన్ని రాత్రులు ఎక్కడ తిరుగుతున్నాడో తనకు తెలిసిపోయిందనీ, పుట్టింటికి పోతున్నాననీ. ఆయన లబలబలాడతాడు. ఆ రాముణ్ణే పిలిచి, వెళ్ళి అమ్మగారిని ఎలాగైనా తీసుకురమ్మని, ఏమేం చెప్పాలో నేర్పుతాడు. అప్పుడు మంచం కింద నుంచి కలకల నవ్వు. కథ అయిపోయింది. క్లాసంతా గొల్లుమంది.

తర్వాత నోటుబుక్కులు తీయమన్నాను. ‘ఈ కథ మీకు ఎలా అర్థమైంది?’ అన్నాను, అంతే. నీతి అన్న మాట నా నోటి నుంచి రాలేదు. అయినా మీరు వచ్చేశారు. ‘కావున మనమందరం భార్యను గౌరవించవలెను.’ రాసినవాడికి పదిహేనేళ్ళు. మూతి మీద నూనూగు మీసం కూడా సరిగ్గా రాలేదు. వెనక బెంచీ అమ్మాయి కూడా అదే రాసింది, పక్కవాడి దాంట్లో చూసి. ఆ పిల్ల ఏ భార్యను గౌరవిస్తుందో మీరే చెప్పాలి.

ఆ బుక్కులు పక్కన పెట్టించి, వేరే ప్రశ్న వేశాను. కమలిని మంచం కింద ఎప్పుడు దూరింది? రాముడికి ఆ సంగతి తెలుసా? ఇంక చూసుకోండి. సగం మంది తెలుసన్నారు, సగం మంది తెలియదన్నారు. తెలిసుంటే మొగుడి దగ్గర తన్నులెందుకు తిన్నాడని ఒకడు. నౌకరు కాబట్టి తిన్నాడు, తెలిసినా తెలియకపోయినా వాడికి తన్నులే అని ఇంకొకడు. ఈ రెండోవాడు లాంగ్ బెల్ కోసం తప్ప దేనికీ తలెత్తడు. ఒక అమ్మాయి లేచి, ‘రాముడికి నేర్పే మాటలన్నీ ఆవిడ కిందే ఉండి వింటోంది కదా మేడమ్, అందుకేగా మనకి నవ్వొచ్చింది’ అంది. తర్వాత, ‘మరి మర్నాటి నుంచి ఆయన మానేశాడో లేదో కథలో లేదు’ అంది. లేదు. గురజాడ అక్కడ ఆపేశాడు. రాయడం చేతకాక ఆపలేదు. ఆయన ఖాళీగా ఉంచిన ఆ చోటులోకి మీరు చాపా దిండూ పట్టుకుని వచ్చేశారు.

ఇక రెండోది. ఇది కొంచెం కోపంగానే రాస్తున్నాను.

పరీక్షలో ‘వరదలు’ మీద వ్యాసం వచ్చింది. సింగ్ నగర్ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె రాసిందిది. ‘వరదలు అనగా నదులు పొంగి ప్రవహించుట. ఇది ప్రకృతి వైపరీత్యములలో ఒకటి. వరదల వలన ఆస్తి నష్టము, ప్రాణ నష్టము సంభవించును. కావున మనమందరం చెట్లు నాటి వరదలను అరికట్టాలి.’

2024 సెప్టెంబరు 1, ఆదివారం తెల్లారేసరికి బుడమేరు వాగు నీళ్ళు వాళ్ళ వీధిలో ఉన్నాయి. ఆ పిల్ల డాబా మీద రోజులు గడిపింది. పేపరు ఇచ్చేటప్పుడు పక్కకు పిలిచి, ఆ రోజు ఏం జరిగిందే అన్నాను. నుంచున్న పళాన చెప్పింది. ఫ్రిజ్ తేలుకుంటూ వచ్చి వంటింటి గుమ్మానికి అడ్డం పడిందట. నానమ్మ డాబా ఎక్కనని మొండికేసిందట, గ్యాసు బండ ఎవరెత్తుకుపోతారో అని. డ్రోన్‌లో వచ్చిన అన్నం పొట్లం వీళ్ళకు అందకుండా పక్కింటి డాబా మీద పడింది. ఆ ఇంటివాళ్ళతో వీళ్ళకు గోడ తగాదా, రెండేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళబ్బాయి పొట్లాన్ని చీర కొంగుకు కట్టి ఇటు విసిరాడు. ‘నానమ్మ ముందు తిననంది మేడమ్. తర్వాత వాళ్ళ చీరని నీళ్ళలో జాడించి, ఆరేసి, మడతపెట్టి ఇచ్చింది.’ నీళ్ళు తీశాక ఫైరింజన్ వచ్చి బురద కడిగినా వాసన దీపావళి దాకా వదల్లేదట.

ఇదంతా ఎందుకు రాయలేదే అంటే, ‘ఇవి పాయింట్లు కావు కదా మేడమ్’ అంది.

చూశారా మీ చలవ? తగాదా ఉన్న ఇంటి చీర కొంగులో అన్నం రావడం పాయింటు కాదు. ‘ఆస్తి నష్టము సంభవించును’ పాయింటు.

పోనీ, వరద ఎందుకొచ్చిందో కూడా ఆ క్లాసులో అడిగాను. ‘కాలవ కట్టకి గండ్లు పడ్డాయి, మా నాన్న వెళ్ళి చూసొచ్చాడు’ అని ఒకడు. కృష్ణ కూడా అప్పుడే పొంగిందని ఇంకొకడు. నిజమే, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. బుడమేరు పారే దారిలో ఇళ్ళు ఎలా వచ్చాయని మూడోవాడు. కట్ట బలంగా ఉందో లేదో చూడాల్సింది ఎవరు మేడమ్, అని నాలుగోవాడు. అదీ వ్యాసం అంటే. ఒకదాంట్లోంచి ఒక ప్రశ్న పుట్టుకొస్తోంది. సరిగ్గా అక్కడ మీరు అడుగుపెట్టి, మనమందరం చెట్లు నాటాలి అంటారు. తెగిన కట్టకూ మా పెరట్లో నాటే వేపమొక్కకూ ఏం సంబంధమండీ? ‘మనమందరం’ అనగానే ఎవరూ లేకుండా పోతారు. మీకు పెద్దవాళ్ళ దగ్గర, మైకుల దగ్గర అంత పలుకుబడి ఎందుకుందో నాకు ఆ రోజు తెలిసింది. ఈ ఊళ్ళో పిల్లలు ఇన్నేళ్ళుగా వ్యాసాల్లో నాటిన చెట్లన్నీ మొలిచి ఉంటే మే నెలలో బెంజి సర్కిల్లో స్వెట్టర్లు అమ్మేవాళ్ళు.

మీకు వకాల్తా పుచ్చుకునే వాళ్ళూ ఉన్నారు. ఆటోనగర్‌లో లేత్ మిషన్ నడిపే ఒక తండ్రి పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చి, ‘మంచం కింద ఎప్పుడు దూరిందో ఎందుకండీ మేడమ్, మార్కులొచ్చే ముక్క చెప్పండి’ అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. మా ఊరి హోర్డింగుల మీద ర్యాంకులు తప్ప ఇంకేవీ కనబడవు. దిద్దేచోట కట్టలు కట్టలుగా పేపర్లు ముందుంటే, ఆఖరి లైన్లో మిమ్మల్ని చూడగానే ఎర్రపెన్ను తనంతట తానే టిక్కు పెడుతుంది. మీరుంటే జవాబు పూర్తయినట్టు లెక్క.

నేను మా క్లాసులో మిమ్మల్ని నిషేధించాను. మీకు కబురు అందే ఉంటుంది, ఎందుకంటే మర్నాడే ‘అందుచేత ప్రతి ఒక్కరూ’ అని వేషం మార్చుకుని వచ్చారు. దాన్ని కొట్టేస్తే ‘ఇకనైనా మనం’ అయ్యారు. పిల్లలకు మాత్రం నిజంగా టెన్షన్ పట్టుకుంది. ‘మరి ఎలా ఆపాలి మేడమ్?’ చెప్పాల్సింది అయిపోతే ఆపెయ్యండి అన్నాను. వాళ్ళకు నమ్మకం కుదరలేదు. అయిపోయిందని తెలిసేదెలా అని అడిగారు. మంచి ప్రశ్న. దాని మీద ఒక పీరియడ్ పట్టింది, ఇంకా తేలలేదు. సింగ్ నగర్ అమ్మాయి మళ్ళీ రాసిన వ్యాసం మడతపెట్టిన చీర దగ్గర ఆగింది. కింద ‘ముగింపు లేదు, సారీ మేడమ్’ అని పెన్సిల్‌తో రాసి పెట్టింది. ఆ సారీ మీకు చెందాల్సింది, జతచేసి పంపుతున్నాను.

మిమ్మల్ని ఊరొదిలి పొమ్మనడం లేదు. నాలుగు లైన్లు రాయడానికి చెమటలు పట్టే పిల్లలుంటారు, పాస్ మార్కు దగ్గర వాళ్ళ చెయ్యి పట్టుకున్నది మీరే, ఆ ఉపకారం కాదనను. కరపత్రం రాయమన్నప్పుడు రండి, నినాదాల ప్రశ్నకు రండి, పంద్రాగస్టు ఉపన్యాసానికి ఎలాగూ పిలవకపోయినా వస్తారు. కథల వైపు మాత్రం రావద్దు.

ముఖ్యంగా మంగళవారం మూడో పీరియడ్. తొమ్మిదో తరగతికి ‘గాలివాన’ చెబుతున్నాను. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న కథ. అందులో నియమాలన్నీ వరసగా పెట్టుకుని బతికే రావుగారు ఒకాయన ఉన్నారు. మీకు బాగా నచ్చే మనిషి, పలకరిద్దామని రాబోతారు. గుమ్మం దగ్గర లీడర్ని నిలబెడుతున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు కాని,
తెలుగు మేడమ్.

చిరునామా:
‘కావున మనమందరం’ గారు,
ఆఖరి లైను,
ఏ పేజీ అయినా ఫర్వాలేదు.