అవ్వకు ఆధార్ ఉందా?

మా జిల్లాలో కొత్తగా ఒక అవ్వ పుట్టింది. పుట్టుకతోనే ఎనభై రెండేళ్లు. బత్తాయి తోటలో నిలబడి మోకాళ్ల నూనె అమ్ముతుంది. నెల రోజులుగా మా అమ్మ ఫోన్‌లో, నా ఫోన్‌లో, నల్లగొండ గడియారం సెంటర్లో చాయ్ తాగేవాళ్లందరి ఫోన్లలో ఈమే. ఓటర్ల జాబితాలో మాత్రం లేదు, ఏఐ వీడియోలో తప్ప ఇంకెక్కడా లేదు.

చూడముచ్చటైన మనిషి. ముప్పై రెండు పళ్లూ తళతళలాడతాయి. చెవికున్న కమ్మ, తల తిప్పేసరికి ముక్కుకు చేరుతుంది. పోచంపల్లి చీర కట్టింది గానీ, నాలుగడుగులు వేస్తే దాని మీది చిలకలు చెట్టెక్కేస్తాయి. ఆ చెట్టుకు గుమ్మడికాయలంత బత్తాయిలు, కాషాయం రంగులో. మా బత్తాయి పచ్చగా ఉన్నప్పుడే మార్కెట్‌కు పోతుందని ఏఐకి ఎవరు చెప్పాలి? తోట వెనక మంచుకొండ! మే నెలలో బండ మీద అట్టు పోసుకునే ఊరికి మంచుకొండ!

"నొప్పులా బిడ్డా? నన్ను జూడుండ్రి" అంటూ గబగబా మెట్లెక్కుతుంది. ఆ మెట్లు ఎక్కడికీ పోవు, పైన ఇల్లు లేదు. అయినా దిగి మళ్లీ ఎక్కుతుంది. మొదటి మాట మా యాస, రెండో మాట గుంటూరు, ధర దగ్గరికి వచ్చేసరికి బ్యాంకు ఫోన్లో వినిపించే అమ్మాయి. 1,499 రూపాయల సీసా ఈ ఒక్కరోజే 999. ఆ ఒక్కరోజు మొదలై నెలయింది.

ఇది మార్కెటింగ్‌లో విప్లవమట. కావచ్చు. మునుపు ప్రకటనకు కెమెరా కావాలి, లైట్లు కావాలి, కూలీ ఇచ్చి ఒక నిజం ముసలామెనైనా తేవాలి. ఇప్పుడు నాలుగు ముక్కలు టైప్ చేస్తే అవ్వ తయారు. చీర మార్చి పంపితే పాలమూరులో పాలమూరు అవ్వ. అంగట్లో నూనె అమ్మినవాడు మోసం చేస్తే వచ్చే వారం గల్లా పట్టుకునేవాళ్లం. ఈమెకు గల్లా ఏది?

చట్టాలు లేవా అంటే, మాయమందుల ప్రకటనల మీద 1954లోనే ఒకటి వచ్చింది. 2025 అక్టోబరులో కేంద్రం ఇంకో ముసాయిదా తెచ్చి, ఏఐ వీడియో అయితే తెరలో కనీసం 10 శాతం మేర ఆ సంగతి రాయాలంది; 2026 ఫిబ్రవరి నిబంధనల్లో ఆ 10 శాతం తీసేసి, స్పష్టంగా కనిపించేలా రాస్తే చాలంది. రాయనీ. మిగిలిన తెరలో అవ్వ మెట్లెక్కుతూనే ఉంటుంది. మా అమ్మ అవ్వనే చూస్తుంది గానీ అక్షరాలు చూస్తుందా?

మొన్నటిదాకా నవ్వుకున్నాను. పోయిన వారం అవ్వ కొత్త పాట అందుకుంది: "ఇది నల్లగొండ టెక్నిక్ నూనె, ఎముకల్ల ఫ్లోరైడ్‌ను గుంజేస్తది."

ఒరే, నల్లగొండ టెక్నిక్ అంటే నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిరా! నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేసింది. నీళ్ల కోసం, నీ సీసా కోసం కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దన్న నీళ్లే మర్రిగూడ, నాంపల్లి వైపు జనం ఏళ్లకేళ్లు తాగారు. నడుములు వంగిపోయాయి, కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి. ఎముకకెక్కిన ఫ్లోరైడ్‌ను లాగే నూనె భూమ్మీద లేదు. లేదని తెలిసే అమ్ముతున్నారు. రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో "ఎముకల నొప్పి" అని వెతికినవాడి దగ్గరికే తెల్లారేసరికి ఈ అవ్వను తోలుతున్నారు. వాడి నొప్పే వీళ్లకు అడ్రస్. సిగ్గులేదా అని అడుగుదామంటే ఎదురుగా మనిషి లేడు.

మా అమ్మ నాకు చెప్పకుండా రెండు సీసాలు తెప్పించింది. మూత తీస్తే మంచినూనె, కర్పూరం వాసన. సీసా మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. "చెప్పు బిడ్డా" అంది అవ్వ. నోటికొచ్చినట్టు తిట్టాను. "చాలా మంచి ప్రశ్న అడిగినవ్ బిడ్డా, ఇంకో సీసా పంపాల్నా?" అంది.

లోపలి నుంచి అమ్మ కేకేసింది.

"ఎవలురా ఫోన్ల? అవ్వనా? పానం మంచిగుందా అని నేనడిగినట్టు చెప్పు."