ఇత్తడి స్క్రూ ముందు ఇసాండ్ల్వానా ఎంత!

యుద్ధ సాహస నవలలు చదివేవాళ్ళంత నిష్ఠాపరులు ఇంకే రకం పాఠకుల్లోనూ కనిపించరు. ప్రేమకథలో నాయిక చీర రంగు ఒకే పేజీలో రెండుసార్లు మారినా మనం సర్దుకుపోతాం. 1879లో బ్రిటిష్ సైన్యం దండెత్తిన దక్షిణాఫ్రికాలోని జులూలాండ్ మీద నవల రాసినవాడు మాత్రం ఆ సైన్యం వాడిన మార్టిని-హెన్రీ తుపాకీ గురించి ఒక్క ముక్క తప్పు రాశాడా, ఇక వాడికి పుట్టగతులుండవు. ఒక్కసారికి ఒక్క తూటాయే పట్టే తుపాకీ అది. పేల్చిన ప్రతిసారీ లీవర్ కిందికి నొక్కి కొత్త తూటా పెట్టాలి. ఆ సంగతి మరిచిపోయి హీరో చేత టపటపా నాలుగు పేల్పించిన రచయితకు ఒకే ఒక్క స్టార్ ఇచ్చి, అది కూడా అట్టమీద బొమ్మ బాగున్నందుకేనని రాసే పాఠకుడికి నేను రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను.

ఇక స్క్రూ విషయానికి వద్దాం. ఇది చిన్న విషయం కాదు. 1879 జనవరి 22న ఇసాండ్ల్వానా కొండ కింద ఉన్న బ్రిటిష్ శిబిరం మీద సుమారు 20 వేల మంది జులూ యోధులు విరుచుకుపడ్డారు. సాయంత్రానికి బ్రిటిష్ పక్షాన 1,300 మందికి పైగా నేలకొరిగారు. ఎందుకిలా జరిగింది? సేనాని లార్డ్ చెమ్స్‌ఫర్డ్ సైన్యంలో సగాన్ని వెంటేసుకుని తెల్లవారకముందే ఎటో వెళ్ళిపోయాడని, శిబిరం చుట్టూ కనీసం ఒక కందకమైనా తవ్వలేదని, న్‌ట్షింగ్వాయో అనే జులూ సేనాపతి తన బలగాన్ని దున్నపోతు ఛాతీలా, రెండు కొమ్ముల్లా పరిచి చుట్టేశాడని చెబితే ఈ పాఠకులు ఒప్పుకోరు. అసలు దోషి తూటాల పెట్టె మూతకున్న ఇత్తడి స్క్రూ! అది బిగుసుకుపోయింది, స్క్రూడ్రైవర్ దొరకలేదు, సామ్రాజ్యం ఓడిపోయింది అంటుంది ఒక వర్గం. మూత మధ్యపలకకు ఉన్నది ఒకే స్క్రూ, తుపాకీ మడమతో ఒక్కటిస్తే ఊడిపోయేది, ఈ నవలాకారుడికి ఏమీ తెలియదు అంటుంది రెండో వర్గం. ఒక వర్గం ముఖం ఇంకో వర్గం చూడదు. కానీ "జులూలు గెలిచారు" అనే రెండు మాటల వాక్యం మాత్రం ఎవరి నోటా రాదు.

ఆ మధ్యాహ్నం సూర్యగ్రహణం కూడా పట్టింది, నిజంగానే. నవలలో రాస్తే "ఇది మరీ సినిమా" అని ఇంకో స్టార్ కోసేస్తారు.

అదే రాత్రి దగ్గర్లోనే ఉన్న రోర్క్స్ డ్రిఫ్ట్ అనే బ్రిటిష్ స్థావరంలో, జులూల దాడికి ఎదురుగా సుమారు 150 మంది మొక్కజొన్న బస్తాలు, బిస్కెట్ పెట్టెలు అడ్డం పెట్టుకుని నిలిచారు. 11 మందికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. నిలవడం గొప్పే, కాదనను. అందుకే ఓడిన పూటకు ఒక అధ్యాయం, నిలిచిన రాత్రికి పాతిక అధ్యాయాలు అడగడం పాఠకుల జన్మహక్కు.

మరో పాఠకుడుంటాడు. ఆయనకు రాజకీయాలు పడవు. దక్షిణాఫ్రికాలో హైకమిషనర్‌గా ఉన్న సర్ బార్టిల్ ఫ్రియర్, లండన్ యుద్ధం వద్దంటున్నా వినకుండా, 1878 డిసెంబర్ 11న జులూ రాజు సెట్ష్వాయో మనుషుల చేతికి ఒక అల్టిమేటం ఇచ్చాడు. నీ సైనిక వ్యవస్థనే రద్దు చేసుకోమన్నాడు. సరిగ్గా నెల తిరిగేసరికి సైన్యం సరిహద్దు దాటింది. (ఈ ఫ్రియర్ అంతకుముందు మన బొంబాయికి గవర్నర్. అనుభవం ఎక్కడికి పోతుంది?) ఇదంతా రచయిత ఒక్క పేజీలో చెబితే "కథ నడక చెడింది" అని ఈయన తెగ బాధపడ్డాడు. పక్కింటి తలుపు బద్దలుకొట్టి లోపలికి దూకడం సాహసం. ఎందుకు కొట్టావని అడగడం రాజకీయం.

జులూ పేర్లు పలకడం కష్టమనే ఫిర్యాదు కూడా చాలామందిది. "పాయింట్ ఐదు ఏడు ఏడు బార్ నాలుగు యాభై" అని తూటా సైజును గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే నోటికి సెట్ష్వాయో బరువైపోయాడు! అందుకే రచయితలు మంచి ఉపాయం కనిపెట్టారు. హీరో గుర్రానికి పేరు పెడతారు, దానికి కన్నీళ్ళు కూడా పెట్టిస్తారు. 20 వేల మందికి కలిపి "నల్లటి అల" అని ఒకే పేరు. ఏ పాఠకుడూ దానికి స్టార్లు తగ్గించినట్టు నేను చూడలేదు.

మనవాళ్ళు కూడా తక్కువ తినలేదు. ఇసాండ్ల్వానాలో పోరాడిన బ్రిటిష్ 24వ పటాలం కోటు కాలర్ ఆకుపచ్చది, నీలం కాదు అని సరిదిద్దే తెలుగువాళ్ళున్నారు. గర్వించాల్సిందే. ఇలాంటి ఒక నవలలో హీరో యుద్ధానికి ముందు చక్కెర వేసిన టీ తాగుతాడు. ఆ కాలానికి జులూలాండ్ పక్కనే ఉన్న బ్రిటిష్ వలస నేటాల్ తీరంలో చెరకు తోటలున్నాయి. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేర్చిన మొదటి కూలీల జట్టుతో మొదలై, మధ్యలో ఆగి, 1874లో మళ్ళీ సాగిన ఆ రవాణాలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇసాండ్ల్వానాలో తూటాలు పేలుతున్న ఏడాది, ఐదేళ్ళ ఒప్పందం మీద ఆ తోటల్లో కత్తి పట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. నవలలో ఒక్కరూ లేరు. లేరేమని అడిగిన పాఠకుడూ లేడు. హీరో టీ తాగిన కప్పు తగరానిదా, ఎనామిల్‌దా అన్న చర్చ మాత్రం ఇంకా తేలలేదు.