మునిగే సీను కంటే ముందు రాయాల్సినవి

2012 అక్టోబర్ 31. నీలం తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటిన రోజు. ప్రతిభా కావేరి అనే ఆయిల్ ట్యాంకర్ చెన్నై బెసెంట్ నగర్‌లో ఎలియట్స్ బీచ్ దగ్గరికి కొట్టుకొచ్చి ఇసుకలో ఇరుక్కుపోయింది. ఓడ మునగలేదు. ప్రాణాలు పోయింది ఓడ దిగి లైఫ్‌బోట్ ఎక్కినవాళ్లలో; ఆ పడవ అలల్లో తిరగబడింది. ఓడ మీదే ఆగిపోయినవాళ్లను తర్వాత కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ సురక్షితంగా తీసుకొచ్చింది.

ఇలాంటి కథ చేతికొస్తే కోడంబాకంలోనైనా ఫిల్మ్‌నగర్‌లోనైనా స్టోరీ సిట్టింగ్‌లో మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: తుపాను ఎంత భారీగా తీద్దాం? నా దృష్టిలో అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఓడ ప్రమాదంలో అసలు నాటకమంతా నీళ్లు లోపలికి రాకముందే జరిగిపోతుంది.

తుపాను హెచ్చరిక రాగానే రేవు బయట లంగరేసిన ఓడలను నడిసముద్రంలోకి వెళ్లిపొమ్మంటారు. అక్కడ అలకు ఎదురుగా ముక్కు పెట్టి నిలబడొచ్చు. కానీ వెళ్లాలంటే ఇంధనం ఉండాలి, ఇంజిన్ తిరగాలి, పనిచేసేవాళ్ల కడుపులో తిండి ఉండాలి. జీతాలు, తిండి, ఇంధనం గురించి ప్రతిభా కావేరి సిబ్బంది చెప్పుకున్న గోడు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఫస్టాఫ్ అంతా అక్కడే ఉంది.

లంగరు సంగతీ అంతే. చాలామంది రచయితలు అది బరువుతో ఓడను ఆపుతుందనుకుంటారు. నిజానికి గొలుసు చాలా పొడవు సముద్రం అడుగున పడి ఉండి, లంగరును అడ్డంగా లాగుతున్నంతసేపే పట్టు ఉంటుంది. ఓడ ఎగిరెగిరి పడేకొద్దీ గొలుసు నేల విడిచి లేస్తుంది, లంగరు జారుతుంది. అప్పుడు డెక్ సిబ్బందికి పెద్ద అయిన సరంగు గొలుసు మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. కింద లంగరు ఈడ్చుకుపోతుంటే ఆ అదురు చేతికి తెలుస్తుంది. ఒక చెయ్యి, ఒక గొలుసు, ఒక శబ్దం చాలు. దీనికి గ్రాఫిక్స్ ఖర్చేమీ లేదు.

లైఫ్‌బోట్ ఎందుకు తిరగబడుతుందో కూడా తెర మీద అర్థం కావాలి. అల ఎత్తు అక్కడి లోతులో ముప్పావు వంతుకు చేరేసరికి అది విరిగి పడుతుంది. అందుకే ప్రమాదం నడిసంద్రంలో కాక ఒడ్డు కనిపిస్తున్న చోటే ఎక్కువ. పడవ అలకు అడ్డం తిరిగిందంటే బోల్తా పడే ప్రమాదం ఎక్కువ.

నీళ్ల సీన్లు తప్పవన్నప్పుడు లెక్కలు ముందే చూసుకోవాలి. నమూనా ఓడను పదహారో వంతుకు తగ్గించొచ్చు, నీటి చుక్కను తగ్గించలేం. అయిదు మిల్లీమీటర్ల చుక్క తెర మీద బత్తాయంత కనిపిస్తుంది, మోసం బయటపడిపోతుంది. కెమెరా వేగం స్కేలు వర్గమూలాన్ని బట్టి పెరగాలి: పదహారో వంతుకు నాలుగు రెట్లు, అంటే మామూలుగా సెకనుకు 24 ఫ్రేములైతే ఇక్కడ 96. నాలుగు మీటర్లు పొడవు, మూడు మీటర్లు వెడల్పున్న క్యాబిన్ సెట్టులో నడుంలోతు నీళ్లు పెడితే పన్నెండు టన్నులు. సెట్టును వాల్చగానే ఆ బరువంతా ఒక్క గోడ మీదికి పోతుంది, ప్లైవుడ్ పగిలిపోతుంది. నిజం ఓడలు ఉన్నట్టుండి బోల్తా పడటానికీ లోపల ఇలా అటూఇటూ పారే నీళ్లే ఒక పెద్ద కారణం. లైట్ల లైనుకు 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైనా తెగే ట్రిప్పర్ ఉండి తీరాలి. గాలిలో కంటే నీళ్లలో ఒంటి వేడి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. చెన్నై ఎండలో తీస్తున్నాం కదా అనుకుంటే జూనియర్ ఆర్టిస్టులు మధ్యాహ్నానికే వణుకుతారు. వాళ్ల విరామాలు కాల్‌షీట్‌లోనే రాసి ఉండాలి. ఇక్కడ పొదుపు పనికిరాదు.

సెట్టు దగ్గర మాత్రం పొదుపు చెయ్యొచ్చు. 1997 నాటి టైటానిక్‌కే ఓడను ఒక పక్క మాత్రమే కట్టారు. రెండో పక్క కావాల్సిన రేవు సీనుకు బోర్డుల మీద అక్షరాలు తిరగేసి రాసి, తీసిన బొమ్మను కుడిఎడమలుగా మార్చేశారు.

అదే సినిమా, నిజం టైటానిక్‌లో పనిచేసిన ఫస్ట్ ఆఫీసర్ విలియం మర్డాక్ లంచం తీసుకున్నట్టు, ప్రయాణికుణ్ణి కాల్చి తానూ కాల్చుకున్నట్టు చూపించింది. స్కాట్లండ్‌లో ఆయన సొంతూరు డల్‌బీటీ నొచ్చుకుంది. 1998లో స్టూడియో ప్రతినిధి అక్కడికెళ్లి క్షమాపణ చెప్పి, ఆయన పేరిట ఉన్న స్మారక నిధికి 5,000 పౌండ్లు ఇచ్చాడు. సినిమాలో సీను మాత్రం అలాగే ఉంది.

మన దగ్గర చట్టం కొంత దారి చూపిస్తుంది. చెన్నైలో హత్యల కేసు ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ మీద నడిచిన రాజగోపాల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు ఏమన్నదంటే, కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లో ఉన్నది అనుమతి లేకుండానే ప్రచురించొచ్చు; అది దాటి వ్యక్తిగత జీవితంలోకి వెళ్తే అనుమతి కావాలి. చనిపోయినవాళ్ల మీద, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో వేసే నింద కూడా పరువునష్టం కిందికి రావచ్చు. కాబట్టి విచారణ నివేదిక, లాగ్‌బుక్, వాతావరణ హెచ్చరికల సమయాలు, వీటితోనే ముందు వన్‌లైన్ ఆర్డర్, అంటే సీనుకో వాక్యం చొప్పున కథ వరస, వేసుకోవాలి. ప్రతి సీను పక్కన అది ఏ కాగితం నుంచి వచ్చిందో రాయాలి. ఏ కాగితమూ లేని సీను ఎవరి మీద నేరం మోపుతోందో చూసి, మోపుతుంటే తీసెయ్యాలి.

"పేర్లు మార్చేశాం" అన్నది ఇక్కడ జవాబు కాదు. ఓడకు చీఫ్ ఇంజనీర్ ఒక్కడే ఉంటాడు, కెప్టెన్ ఒక్కడే ఉంటాడు. ఓడ, తేదీ, తీరం అవే ఉంచి పేరొక్కటే మారిస్తే, అతని పిల్లలు మొదటి సీనులోనే నాన్నను గుర్తుపడతారు. కల్పన కావాలనుకుంటే ఓడనూ ఏడాదినీ తీరాన్నీ కూడా మార్చెయ్యండి. "నిజ సంఘటనల ఆధారంగా" అన్న కార్డు వేసుకోవాలనుకుంటే షూటింగ్ మొదలవక ముందే బౌండ్ స్క్రిప్ట్, అంటే పూర్తయిన స్క్రిప్ట్, ఆ కుటుంబాలకు చదివి వినిపించండి.