గల్లీలను మరిచిన ఎలక్ట్రానిక్స్ చరిత్ర

హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ చరిత్రను 1967లో నెలకొల్పిన ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌తో మొదలుపెట్టి, హైటెక్ సిటీ మీదుగా 2023 మార్చిలో ప్రారంభమైన, కొత్త పరికరాల నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్ దాకా చెప్పుకోవడం రివాజు. ఆ వరుసలో ఎలక్ట్రానిక్ విడిభాగాలమ్మే కోఠి గుజరాతీ గల్లీకి గానీ, కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు గానీ చోటు దక్కదు. ఇది అన్యాయమని మా అభిప్రాయం.

1977లో దూరదర్శన్ కేంద్రం వచ్చి, 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారాలు మొదలయ్యాక ఇళ్లకు చేరిన టీవీలను బతికించింది వీధి మెకానిక్కులు. వారికి విడిభాగాలు దొరికిన చోటు కోఠి. ఈనాటికీ అక్కడ కాగితం మీద గీసుకొచ్చిన సర్క్యూట్ చూపిస్తే, కౌంటర్ వెనకున్న మనిషి విలువను తెలిపే రంగు చారలను బట్టి రెసిస్టర్లు (కరెంటు ప్రవాహాన్ని అదుపుచేసే విడిభాగాలు) ఏరి చిన్న కవర్లో వేసిస్తాడు. అడిగిన ఐసీ (చిప్) లేకుంటే దాని బదులు ఏది పనికొస్తుందో కూడా చెబుతాడు. ప్రాజెక్టు కోసం వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థికి కాలేజీ ల్యాబు నేర్పని పాఠమది. బ్రాండెడ్ కంప్యూటరు కొనే స్తోమత లేని మధ్యతరగతికీ, ఇంటర్నెట్ సెంటర్లకూ మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్ విడివిడిగా కొని బిగించి ఇచ్చింది చెనాయ్ ట్రేడ్ సెంటర్. సాఫ్ట్‌వేర్ కొలువుల్లో స్థిరపడిన ఎందరో తొలిసారి కీబోర్డు ముట్టింది అలాంటి అసెంబుల్డ్ యంత్రాల మీదే.

ఆన్‌లైన్ అమ్మకాలు ఈ దుకాణాల గిరాకీని తగ్గిస్తుంటే, బ్యాటరీని జిగురుతో అతికించి, విడిభాగాలను బయటివారికి అందనివ్వని తయారీ పద్ధతి మరమ్మతు వృత్తినే దెబ్బతీస్తోంది. కంపెనీల మరమ్మతు సమాచారం ఒకచోట దొరికేలా కేంద్రం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను తెచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలూ అమల్లోకి వచ్చాయి. అయితే బోర్డు మీది చెడిన చిప్‌ను తీసి కొత్తది అతికి, వ్యర్థాన్ని పుట్టకముందే ఆపుతున్న గల్లీ మెకానిక్కుకు వీటితో ఒరిగింది స్వల్పం.

ఇక్కడి లోపాలను దాచాల్సిన పని లేదు. నకిలీ సరుకుపై ఫిర్యాదులున్నాయి. అల్లుకుపోయిన కరెంటు తీగలు, ఇరుకు మెట్లు అంతకంటే ప్రమాదం. పార్క్‌లేన్‌కు చేరువలోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చిలో చెలరేగిన మంటలు ఆరుగురు యువతీయువకులను బలిగొన్నాయి. అందుకని దుకాణాలను ఊరి చివరకు తరలించడం పరిష్కారం కాదు: అంగళ్లన్నీ పక్కపక్కన ఉండడమే ఈ బజారుకు బలం. జీహెచ్‌ఎంసీ, అగ్నిమాపక, విద్యుత్ శాఖలు కలిసి ఈ భవనాలన్నింటినీ తనిఖీ చేసి వైరింగు మార్పించాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులను అనుభవజ్ఞులైన ఈ మెకానిక్కుల దగ్గర స్టైపెండుతో అప్రెంటిస్‌లుగా చేర్చి, నేర్పినవారికీ నేర్చుకున్నవారికీ ప్రభుత్వమే ధ్రువపత్రం ఇవ్వాలి.