పెళ్ళిళ్ళ పేరయ్య ‘అండ్’ గారికి

విశాఖపట్నం

అండ్ గారూ, నమస్కారం.

ఇంగ్లీషు మాటలకి పెళ్ళిళ్ళ పేరయ్య మీరేనని మాకు తెలుసు. రెండు మాటలు కంటపడితే చాలు, మధ్యలో దూరి ముడేస్తారు. వేశాక ఎవరు ముందు నడవాలో కూడా మీదే తీర్పు. ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లీషుకి ఫీజు కట్టిన కుర్రాడు ‘బటర్ అండ్ బ్రెడ్’ అంటే వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. అయినా విన్నవాడు నవ్వుతాడు. ఎందుకు నవ్వాడో వాడికీ తెలీదు.

మీ గుట్టు మాకు దొరికింది లెండి. బ్రెడ్‌లో అచ్చు ఒకటి, బటర్‌లో రెండు. సాల్ట్ అండ్ పెప్పర్, లా అండ్ ఆర్డర్ కూడా అంతే: పొట్టిది ముందు, పొడుగుది వెనక. భాషాశాస్త్రవేత్త యాకోవ్ మాల్కీల్ 1959లో ఈ తిరగబడని జంటల మీద వ్యాసం రాశారు. ద్వంద్వ సమాసంలో అచ్చులు తక్కువున్న మాట ముందుండాలని పాణిని ‘అల్పాచ్తరమ్’ అని ఒక్క ముక్కలో తేల్చేసి అప్పటికే రెండు వేల ఏళ్ళు దాటింది. నీడిల్ అండ్ థ్రెడ్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. సూది దూరాకే కదా దారం! మా సూదీదారం వరసా అదే.

అచ్చుల లెక్క సరిసమానమైతే ‘ఇ’ని ముందు నిలబెడతారు: జిగ్‌జాగ్, టిక్‌టాక్, పింగ్‌పాంగ్. ఇక్కడ మాత్రం మీకూ మాకూ చుక్కెదురు. టీ గీ, బస్సూ గిస్సూ... మా ‘గి’ది ఎప్పుడూ వెనక బెంచీయే.

అసలు గొడవ కోర్టు కాగితాలతో. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కచేరీల్లో ఫ్రెంచి తిష్ఠ వేసింది. ఏ మాట వదిలేస్తే ఏ సందు మిగులుతుందోనని వకీళ్ళు ఇంగ్లీషు మాటా, ఫ్రెంచి మాటా రెండూ రాసిపారేశారు. విల్ ఇంగ్లీషు, టెస్టమెంట్ లాటిన్; రెండూ వీలునామాయే. గూడ్స్ ఇంగ్లీషు, చాటెల్స్ ఫ్రెంచి, రెండూ సామానే. పోనీ భాషలు వేరు కదా అని సరిపెట్టుకుందామంటే, ‘నల్ అండ్ వాయిడ్’లో రెండూ ఫ్రెంచి వైపు నుంచి వచ్చినవే! చెల్లనిదాన్ని రెండుసార్లు చెల్లకుండా చేయడమెందుకండీ?

పాస్‌పోర్టు తెరవండి. పట్టుకొచ్చినవాణ్ణి ‘వితవుట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ పోనివ్వమని రాష్ట్రపతి పేరున ఉంటుంది. (ముడేసింది మీ తమ్ముడు ‘ఆర్’ అనుకోండి, వంశం ఒకటే.) లెట్ అంటే పోనివ్వడమని నేర్చుకున్న కుర్రాడు ఇక్కడ బెంబేలెత్తిపోతాడు. ఇది పాత లెట్. దీని అర్థం అడ్డు. హిండ్రన్స్ అన్నా అడ్డే. ఒక పాస్‌పోర్టుకి రెండు అడ్డులు.

కొన్ని మాటల బతుకు మరీ దయనీయం. ‘టు అండ్ ఫ్రో’లో ఫ్రో, ‘టు’ చెయ్యి వదిలితే గడప దాటదు. ‘కిత్ అండ్ కిన్’లో కిత్ అంటే ఒకప్పుడు ఎరిగినవాళ్ళు, సొంత ఊరు. ఇప్పుడు కిన్ పంచన పడి ఉంది. మేము నవ్వకూడదు లెండి. పిల్లాజెల్లాలో జెల్ల ఎవరని అడిగితే ఫిషింగ్ హార్బర్ వైపు చూస్తాం. అక్కడ దొరికేది చేప.

హార్బర్ అంటే గుర్తొచ్చింది. మునిగిన ఓడ నుంచి దానంతటది తేలివచ్చేది ఫ్లోట్సమ్. మునిగేలా ఉందని బరువు తగ్గించడానికి చేతులారా విసిరేసేది జెట్సమ్. చట్టానికి ఈ తేడా ముఖ్యం. మీరు ముడేశాక రెండూ ఒడ్డున పడ్డ చెత్తే అయిపోయాయి.

థండర్ అండ్ లైట్నింగ్ సంగతీ అడుగుదామనుకున్నాం. మెరుపు ముందు కనబడుతుంది, ఉరుము తర్వాత వినబడుతుంది కదా, మీ వరస తిరగబడిందేమిటని. తీరా చూస్తే మేమూ ఉరుములూ మెరుపులూ అనే అంటున్నాం. ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం.

చివరగా ఒక మనవి. తెల్లవాళ్ళ నోట్లో మీ పేరు సగం మింగుడుపడి ‘బ్రెడ్‌న్‌బటర్’ అవుతుంది. ఇక్కడ మాత్రం మిమ్మల్ని ‘అండ్’ అని నిండుగా, గట్టిగా పిలుస్తున్నాం. ఆ మర్యాదకైనా పరీక్షల్లో మా పిల్లల మీద కాస్త దయ ఉంచండి. ఆర్కే బీచ్ వైపు వస్తే టీ గీ తాగి, మురీ మిక్చర్ తిని వెళ్ళండి. అందులో ఉప్పూకారం ఏది ముందు వేసినా బండివాడు ఏమీ అనుకోడు.

ఇట్లు,
ఉప్పూకారం తినే విశాఖవాసులు