మోత నచ్చింది, మాట వద్దు

అమెరికా రాక్ గిటారిస్టు టామ్ మొరెల్లో ఎలక్ట్రిక్ గిటార్ పక్కన పెట్టి, మామూలు గిటార్‌తో ఒంటరిగా ఉద్యమ పాటలు పాడటం గురించి ఒడిశాలో గుణుపూర్, రాయగడ వైపు రాక్ వాయించే మన తెలుగు కుర్రాళ్లను కదిపితే ఒకటే మాట: అక్కడితో ఆయన పని అయిపోయిందని. నేను ఒప్పుకోను. ఆయన చేసిన పనులన్నిటిలో తెలివైనది అదే.

రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్ ('యంత్రం మీద కోపం' అని అర్థం) ఆయన బ్యాండ్. దాని సంగతి తెలిసిందే. 1992 నాటి మొదటి ఆల్బమ్ నుంచీ రాజకీయమే. కానీ పాడింది జాక్ డి లా రోచా. మొరెల్లో గిటార్ స్విచ్ టకటకలాడించి, డీజే రికార్డు గీకినట్టు చప్పుళ్లు పుట్టించేవాడు. తర్వాత ఆడియోస్లేవ్ అనే ఇంకో బ్యాండ్. ఆ రోజుల్లోనే లాస్ ఏంజెలెస్‌లో 'ది నైట్‌వాచ్‌మన్' అని పేరు మార్చుకుని, చిన్న చిన్న చోట్ల పాడటం మొదలుపెట్టాడు. 2007లో ఆ పేరుతోనే ఆల్బమ్ వచ్చింది.

హార్వర్డ్‌లో చదివి, రాక్‌లో బాగా సంపాదించినవాడు కూలీల పాటలు పాడితే ఎవరు నమ్ముతారు అన్నది ఒక అభ్యంతరం. గొంతు అంతంతమాత్రం, స్వరాలు మూడో నాలుగో, అంత విద్య బూడిదలో పోశాడన్నది ఇంకొకటి. గొంతు మాట నిజమే. ఆయన గాయకుడు కాడు.

అయితే 2012లో ఏం జరిగిందో చూడండి. అమెరికాలో రిపబ్లికన్ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి పాల్ ర్యాన్ తనకు రేజ్ బ్యాండ్ ఇష్టమన్నాడు. సంక్షేమ ఖర్చుకు కోత పెట్టాలనే నాయకుడాయన. మోత నచ్చిందట, మాటలు మాత్రం నచ్చవట! మొరెల్లో ఊరుకోలేదు. మా పాటలు ఇరవై ఏళ్లుగా ఏ యంత్రం మీద మండిపడుతున్నాయో, ఆ యంత్రమే ఈయన అని పత్రికలో రాశాడు. జవాబు బాగుంది. అయినా తప్పు ర్యాన్ ఒక్కడిదే కాదు, మోతది కూడా. స్పీకర్లు గుండెల్ని అదరగొడుతుంటే ఎవరి మీద రాసిన పాటకు వాళ్లే తల ఊపొచ్చు. మామూలు గిటార్ ముందు ఆ వీలు లేదు. అక్కడ ఉన్నదే మాట. అది నచ్చకపోతే లేచి వెళ్లిపోవాలి. 2011లో విస్కాన్సిన్ ప్రభుత్వం ఉద్యోగ సంఘాల బేరసారాల హక్కుకు కత్తెర వేస్తుంటే, మాడిసన్ చలిలో నిలబడ్డ జనం దగ్గరికి మొరెల్లో పట్టుకెళ్లింది ఈ గిటార్‌నే.

మన వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. ఒడియా ఇంట పుట్టి, గుడిలో పూజారిగా ఉండి, తెలుగులో జముకులకథ చెప్పిన శ్రీకాకుళం రైతాంగ ఉద్యమ కవి సుబ్బారావు పాణిగ్రాహి సోంపేట వైపు వాడే. జముకు అంటే చంకలో ఇరికించుకునే వాయిద్యం. ఒకవైపు తోలు, మధ్యలోంచి లాగి కట్టిన తీగ. బిగిస్తే ఒక ధ్వని, వదిలితే ఒక ధ్వని, అంతే. మాటను మింగేసే బలం దానికి లేదు. 1969 డిసెంబరులో ఆయన పోలీసుల చేతిలో చనిపోయాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాయగడ, కొరాపుట్, జయపురం బజార్లలో పాల్ ర్యాన్‌లు తక్కువేం లేరు. మన తెలుగువాళ్లమే! మంత్రి వచ్చినా, షోరూం తెరిచినా ఆదివాసుల థింసా నాట్యం కావాలి. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసి, నడుం వంచి లేస్తుంటే మనం ఫోన్లు పైకెత్తుతాం. సన్నాయి లాంటి మొహురి మోగుతుంటే కాలు ఆడిస్తాం. వాళ్లు ఏం పాడుతున్నారని మాత్రం అడగం. 2000 డిసెంబరులో కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో బాక్సైట్ ప్రాజెక్టు వద్దన్న ముగ్గురు ఆదివాసులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. 2013లో నియమగిరి మీద 12 పల్లెసభలు పెడితే 12 కూడా గనులు వద్దన్నాయి. ఆ కొండల్లో ఈ సంగతుల మీద పాటలున్నాయి. అవి మన షామియానా దాకా రావు. వస్తే టెన్షన్. కాంట్రాక్టులున్నవాడికి టెన్షన్, లారీలున్నవాడికి టెన్షన్, ఇద్దరినీ చందా అడిగే కమిటీకి ఇంకా టెన్షన్. అందుకే అడుగులు మన వేదిక మీదికి, పాట కొండకీ. దీన్ని 'ఆదివాసీ సంస్కృతికి గౌరవం' అని ఫ్లెక్సీ మీద రాసుకుంటాం.

గిటార్ పట్టిన మన కుర్రాళ్లను ఒకటి అడుగుతున్నాను. మొరెల్లో చప్పుళ్లు యూట్యూబ్ చూసి అచ్చు దించేశారు, సంతోషం. ఈసారి రాయగడ చైతి ఉత్సవాలకో కొరాపుట్ పరబ్‌కో పిలుపు వస్తే మోత పెంచే ఆంప్ ఇంట్లో పెట్టి, కాశీపూర్ వైపు నుంచి ఒక పాటగాడిని పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు ఆయన చేత పాట సంగతి మైకులో చెప్పించండి, తర్వాత వాయించండి. ముందు వరుస సోఫాల్లోంచి ఎవరెవరు లేచి వెళ్తారో రాసుకోండి.